మూడు గీతల చీరలు

2023 జులై మూడో వారం. మా వెనక గదిలో రెండు బీరువాలు, మంచం కింద మూడు అట్టపెట్టెలు, అటక మీద ఒక ట్రంకు పెట్టె. అన్నిటి నిండా మంగళగిరి చీరలే. బ్యాంకులో మాత్రం 11,400 రూపాయలు. ఆ నెలాఖరుకి నేతవాళ్లకి ఇవ్వాల్సింది 60,000. ఫోను మోగదు, వెబ్‌సైట్‌లో ఆర్డరు పడదు. శ్రావణం వచ్చేసింది కదా, జనానికి ఏమైందని నేను జుట్టు పీక్కుంటుంటే అత్తయ్య వంటింట్లోంచి మామూలుగా అంది: "ఇది అధికమే అమ్మాయ్. నిజ శ్రావణం ఇంకా నెల్లాళ్లుంది. ఇప్పుడు చీరలెవరు కొంటారు?"

క్యాలెండరు నా తల వెనకే వేలాడుతోంది. జులై 18 నుంచి ఆగస్టు 16 దాకా అధిక శ్రావణం, అంటే అసలు శ్రావణానికి ముందు అదనంగా వచ్చే నెల, అని ఎర్రక్షరాల్లో ఉంది. వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 25న. పెళ్లిళ్లు లేవు, వ్రతాలు లేవు, నోములు లేవు. చీరల వ్యాపారం చేస్తూ నేను క్యాలెండరులో చూసుకున్నది గ్యాస్ బండ వచ్చిన తేదీలు మాత్రమే.

ఇంకా సిగ్గేసే సంగతి ఒకటుంది. మేలో నేను పెద్ద ఆర్డరు ఇవ్వడానికి వెళ్లినప్పుడు మగ్గం బాబాయి, అంటే నాకు చీరలు నేయించి ఇచ్చే పెద్దాయన, "అంత తొందరేముందమ్మా, మెల్లగా తీసుకుందువుగాని" అన్నాడు. పని చెయ్యడానికి బద్ధకిస్తున్నాడనుకున్నాను. "లేదు బాబాయ్, జులై మొదటికల్లా నా ఇంట్లో ఉండాలి" అని గట్టిగా చెప్పి వచ్చాను. మాట తప్పలేదు ఆయన. జులై 2న ఆటోలో దింపాడు.

మాది విజయవాడ. మంగళగిరి అరగంట దూరం. 2021లో పన్నెండు చీరలతో మొదలుపెట్టాను. పెట్టుబడి పద్దెనిమిది వేలు, అదీ మా ఆయన బోనసు. వాట్సాప్ స్టేటస్‌లో పెడితే వారంలో అయిపోయాయి. తర్వాత ఇన్‌స్టాగ్రామ్, ఆ తర్వాత సొంత వెబ్‌సైట్, కొన్నాళ్లకి ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో కూడా. 2022 శ్రావణంలో వ్రతానికి వారం ముందే సరుకు అయిపోయింది. అడిగినవాళ్లకి లేదని చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది. అప్పుడు నేను నేర్చుకున్న పాఠం, పూర్తిగా తప్పు పాఠం, "సరుకు చాల్లేదు" అని. అందుకే 2023కి మూడింతలు తెప్పించాను. బంగారం తాకట్టు పెట్టి రెండు లక్షలు తెచ్చాను, నూటికి రూపాయి వడ్డీ. నెలకి రెండు వేలే కదా, నాలుగు చీరలమ్మితే వచ్చేస్తుందనుకున్నాను.

నేతవాళ్లకి డబ్బు ఆపడం కుదరదు. ఆపితే వాళ్లింట్లో పొయ్యి ఆగుతుంది, పైగా మళ్లీసారి నా ఆర్డరు మగ్గం ఎక్కదు. చేతిలో ఉన్న చీటీ గుర్తొచ్చింది. నెలకి పదివేల చొప్పున ఇరవై నెలలు, రెండు లక్షల చీటీ. ఆ నెల పాటలో నాలాంటివాళ్లే ఇంకో ఇద్దరున్నారు. ముప్ఫై నాలుగు వేలు తగ్గించుకుని పాడుకున్నాను. ఇంటికొచ్చాక లెక్క వేస్తే కడుపులో దేవింది. 2,150కి అమ్మే చీర నాకు 1,450కి పడుతుంది. ప్యాకింగు 40, కొరియరు 85, ఆన్‌లైన్ చెల్లింపు రుసుము 50, జీఎస్టీ ఐదు శాతంలో కొన్నప్పుడు కట్టింది పోగా మిగిలే ముప్ఫై చిల్లర. అన్నీ పోను చేతికి 490 మిగులుతుంది. ముప్ఫై నాలుగు వేలంటే దాదాపు డెబ్భై చీరల లాభం. ఒక సాయంత్రం పాటలో డెబ్భై చీరలు ఊరికే ఇచ్చేసి వచ్చాను.

ఆ రాత్రి నిద్ర పట్టక చీరలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అప్పటిదాకా నా దగ్గర సరుకు లెక్క ఒక నోట్‌బుక్కే. వచ్చినప్పుడు రాస్తాను, అమ్మినప్పుడు కొట్టేస్తాను. పుస్తకం ప్రకారం 214 ఉండాలి. తెల్లారుజామున మూడింటికి తేలింది 207. ఏడు చీరలు, పదివేల పైన సరుకు, ఎటు పోయింది? మా ఆయన దొంగలన్నాడు. దొంగలు కాదు. రెండు మా వదిన "మా అపార్టుమెంటులో చూపించి ఇస్తా" అని పండక్కి తీసుకెళ్లినవి. మూడు కొరియరువాడు వెనక్కి తెచ్చి ఇస్తే, సంచి విప్పకుండానే అటక మీదికి విసిరినవి. ఒకటి పక్కింటి పిన్నిగారికి చేతిలో డబ్బు పుచ్చుకుని అమ్మి, ఆ డబ్బు పాలవాడికి ఇచ్చేసి, పుస్తకంలో రాయనిది. ఏడోది ఇప్పటికీ దొరకలేదు. నెమలికంఠం రంగు, నిజాం అంచు.

లెక్కపెట్టేటప్పుడే ఇంకోటి కూడా కనబడింది. జరీ అంచు చీరలు ఒకే మడతలో నెలలకొద్దీ ఉంచకూడదు. మడత పడ్డచోట నేత చిట్లుతుంది, జరీ నలుపెక్కుతుంది. నెలకోసారి విప్పి, గాలికి ఆరేసి, మడత మార్చి, పాత నూలుగుడ్డలో చుట్టి పెట్టాలి. నాకు అదొక పెద్ద చాకిరీ. ఆ రాత్రి మడత మారుస్తూ ఒక ఉల్లిపొర రంగు చీర చేతిలోకి తీసుకున్నాను. దీన్ని ఎన్నిసార్లు మడత మార్చానో చేతులకే గుర్తుంది. ఉగాదికి మార్చాను, వేసవిలో మార్చాను, వదిన కూతురి ఓణీల ఫంక్షన్ ముందు రోజూ మార్చాను. అంతకుముందు సంక్రాంతికీ మార్చాను.

అప్పటికప్పుడు పెన్ను తీసి ప్రతి చీర అట్టముక్క మీదా గీతలు గీశాను. అట్టముక్క అంటే చీరకి దారంతో కట్టే చిన్న ముక్క. దాని మీద నంబరు, వచ్చిన తేదీ, కొన్న ధర ఉంటాయి. (కొన్న ధర అంకెల్లో రాయను. బట్టల కొట్లవాళ్లలాగా పది అక్షరాల మాట ఒకటి పెట్టుకుని అక్షరాల్లో రాస్తాను. అది మా ఆయనకి కూడా తెలీదు.) మడత మార్చినప్పుడల్లా ఒక గీత. గుర్తున్నంతవరకు గీసి చూస్తే, ఆ 207లో మూడు గీతలు దాటినవి 58. ఎనభై వేల పైచిలుకు రూపాయలు నా చేతులతో నేనే విప్పి, ఆరేసి, మడిచి, మళ్లీ లోపల పెడుతున్నాను.

నిజం చెప్పాలంటే అప్పటిదాకా నాకు అమ్ముడుపోని సరుకు ఖర్చనే అనిపించలేదు. చీర కుళ్లిపోదు కదా, ఎప్పటికైనా పోతుంది కదా అనుకునేదాన్ని. వడ్డీ లెక్క వేసినా చీరకి నెలకి పద్నాలుగున్నర రూపాయలు, అదేం పెద్ద సంగతి? పోయేది వడ్డీ దగ్గర కాదని తర్వాత అర్థమైంది. అదే 1,450 మంచి రంగు చీరలో పెడితే మూడు నెలలకోసారి తిరిగి చేతికొస్తుంది. ఏడాదికి నాలుగుసార్లు, నాలుగు 490లు. ఉల్లిపొర చీరలో పెడితే ఏడాదికి ఒక్కసారి, అదీ వస్తే.

మూడు గీతలు పడితే అసలుకి అమ్మేయాలని నియమం పెట్టుకున్నాను. మా ఆయన ఒప్పుకోలేదు. "కష్టపడి తెచ్చింది లాభం లేకుండా ఇవ్వడమేంటి? దాచు, దసరాకి పోతుంది." దసరాకి కొత్తవి పోతాయండీ, పాతవి పోవు అని వాదించాను. చివరికి రెండు ఆదివారాలు వాట్సాప్ గ్రూపులో మాత్రమే పెట్టాను. వెబ్‌సైట్‌లో పెడితే అందరూ తగ్గింపు కోసం కాచుక్కూర్చుంటారు. 58లో 41 పోయాయి. అరవై వేల దాకా వచ్చింది. చేతికి 490 మిగలలేదు, అయినా ఆ అరవై వేలు చూస్తే నాకు ఆ ఏడు అంత సంతోషం ఇంకెప్పుడూ కలగలేదు. నిజ శ్రావణానికి అడిగిన రంగులు నేయించుకోగలిగింది ఆ డబ్బుతోనే.

ఉల్లిపొర చీర మాత్రం అప్పుడూ పోలేదు. దాని తప్పు రంగుది కాదు, ఫొటోది. మా వరండాలో పొద్దున్నే తీస్తే లేత గులాబీలా వచ్చింది. గులాబీ అనుకుని తెప్పించుకున్నవాళ్లకి ఉల్లిపొర చేరితే తిప్పి పంపక ఏం చేస్తారు? అది నాలుగుసార్లు ఊరేగి వచ్చింది. తలుపు దగ్గర డబ్బిచ్చే ఆర్డరు వెనక్కొస్తే పోనూ రానూ కొరియరు, దాని మీద రుసుము, మొత్తం రెండొందలు నా చేతిది. పైగా ఆ పన్నెండు, పదిహేను రోజులు చీర బీరువాలోనూ లేదు, అమ్ముడూ పోలేదు. ఇప్పుడు ప్రతి చీరనీ పండిన మిరపకాయో, వంకాయో, గంధపు చెక్కో పక్కన పెట్టి ఫొటో తీస్తాను. చూసేవాళ్లకి ఆ వస్తువు రంగు తెలుసు కాబట్టి చీర రంగు మోసం చెయ్యదు. తలుపు దగ్గర డబ్బిస్తామన్న ఆర్డరుకి ముందు ఫోను చేస్తాను. ఎత్తకపోతే పంపను. ఆర్డర్లు తగ్గాయి. వెనక్కొచ్చేవి అంతకంటే బాగా తగ్గాయి.

ఒక్కటే ఉన్న చీరతో ఇంకో తంటా. వంకాయ రంగు పట్టు అంచు చీర ఒకసారి ముగ్గురికి అమ్మాను. ఒకరు వెబ్‌సైట్‌లో డబ్బు కట్టేశారు, ఒకరు వాట్సాప్‌లో "నాకే" అన్నారు, ఇంకొకరికి అదే గంటలో మా అత్తయ్య వరండాలో మాటిచ్చేసింది. కట్టినావిడకి ఇచ్చి మిగతా ఇద్దరికీ క్షమాపణలు చెప్పుకున్నాను. అత్తయ్య మాటిచ్చినావిడ మాత్రం ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడదు. అప్పట్నుంచీ ఎవరడిగినా "ఉండండి, చూసి చెప్తా" అంటాను. చీర బీరువాలోంచి బల్ల మీదికి రావాలి, వెబ్‌సైట్‌లో దాని లెక్క సున్నా చెయ్యాలి, అప్పుడే "ఉంది" అన్న మాట.

డబ్బు లెక్కకి వస్తే, నాకొచ్చే డబ్బు ఒక్క రకం కాదని తెలుసుకోవడానికి రెండేళ్లు పట్టింది. వాట్సాప్‌లో కొన్నవాళ్ల యూపీఐ అప్పటికప్పుడే పడుతుంది. వెబ్‌సైట్‌లో కార్డుతో కట్టింది రెండు పని దినాలకి. తలుపు దగ్గర వసూలైంది వారం, పది రోజులకి. ఆన్‌లైన్ అంగడి వాళ్లది ఇంకా ఆలస్యం. వాళ్లు కమీషనూ కొరియరూ కోసుకుని, టీసీఎస్ (జీఎస్టీ కింద ముందే కోసేది), టీడీఎస్ (ఆదాయపు పన్ను కింద ముందే కోసేది) పట్టుకుని మిగిలింది పంపుతారు. టీసీఎస్ 2024 జులై 10 నుంచి ఒక శాతం కాస్తా అర శాతమైంది, టీడీఎస్ 2024 అక్టోబరు నుంచి ఒక శాతం నుంచి 0.1 శాతానికి దిగింది. అది మన డబ్బే, తర్వాత సర్దుబాటు చేసుకోవచ్చు, కాకపోతే శనివారం నేతవాడికి ఇవ్వడానికి పనికిరాదు. ఫోనులో "ఈ నెల అమ్మకాలు 1,38,000" అని చూపిస్తుంటే నేను ఆ అంకె చూసి ఆర్డర్లు ఇచ్చేదాన్ని. అందులో సగం దారిలో ఉండేది.

దీనికి నేను ఏ యాపూ వాడలేదు. వాడి చూశాను, నాలుగు రోజులకే విసుగొచ్చింది. గోడ మీది తెలుగు క్యాలెండరే నా చిట్టా అయింది. రావాల్సిన డబ్బు ఏ రోజుకి వస్తుందో ఆ గడిలో పెన్సిలుతో రాస్తాను. వచ్చాక దాని మీదే నీలం పెన్నుతో దిద్దుతాను. ఇవ్వాల్సినవి ఎరుపు: శనివారం నేత కూలీ, పదో తేదీ చీటీ, ఇరవయ్యో తేదీ జీఎస్టీ, నెలాఖరు బంగారం వడ్డీ. పెన్సిలు అంకె ఉండాల్సిన రోజు దాటి మూడు రోజులైనా నీలం కాకపోతే ఫోను చేస్తాను. రాబోయే రెండు వారాల్లో పెన్సిలు, నీలం కలిపినా ఎరుపుకి సరిపోకపోతే ఆ వారం మంగళగిరి వెళ్లను. వెళ్తే కొంటాను, నా సంగతి నాకు తెలుసు.

ఇంటి డబ్బు, చీరల డబ్బు ఒకే ఖాతాలో ఉండేవి. పిల్లాడి స్కూలు ఫీజు కట్టిన నెల "వ్యాపారం బాగాలేదు" అనిపించేది, కట్టని నెల బాగున్నట్టనిపించేది. వేరే ఖాతా తెరిచి, ఐదో తేదీన నాకు నేనే 12,000 జీతం ఇచ్చుకుంటున్నాను. మొదటి నెల మా ఆయన నవ్వాడు. రెండో నెల అందులోంచే అప్పడిగాడు.

అన్నిటికంటే కష్టమైంది బాబాయితో బేరం. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కిస్తే దాని మీద వచ్చే చీరలన్నిటికీ అంచు ఒకటే. రెండు చీరలు చాలు అంటే కుదరదు, పడుగంతా తీసుకోవాలి. పేక, అంటే అడ్డపోగు, మార్చి ఒంటి రంగు మార్చుకోవచ్చు గానీ అంచు మారదు. పోయే అంచో కాదో తెలీకుండా పడుగంతా తీసుకోవడం నాకు భయం, సగం పడుగు నేయడం ఆయనకి నష్టం. చివరికి గుంటూరులో నాలాగే అమ్మే ఒకమ్మాయితో పడుగు పంచుకోవడం మొదలుపెట్టాను. సగం ఆమెవి, సగం నావి, ఒంటి రంగులు వేరు. పోటీ కదా అని మొదట ఇద్దరం జంకాం. కొనేవాళ్లు వేరు, రంగులు వేరు, ఇప్పటిదాకా గొడవ రాలేదు.

ధర తగ్గించమని ఎన్నిసార్లడిగినా తగ్గించని మనిషి, "నెలకి ఒకసారి కాకుండా ప్రతి శనివారం చేతిలో పెడతాను" అంటే చీరకి నలభై రూపాయలు తానే తగ్గించాడు. ఆయనకీ నూలు, రంగు, జరీ కొనడానికి అప్పు తెచ్చే బాధ ఉంది. నా ఆలస్యానికి ఆయన వడ్డీ కడుతున్నాడు, ఆ వడ్డీ చీర ధరలో నా దగ్గరే వసూలు చేస్తున్నాడు. ఇన్నాళ్లూ అరువు తెచ్చుకుంటున్నానని మురిసిపోయిన నాకు ఆ అరువు ఖరీదు అప్పుడు కనబడింది.

ఎప్పుడూ పోయే సరుకుకి మాత్రం లెక్క సులువు. మామూలు నూలు డ్రెస్ మెటీరియల్ వారానికి తొమ్మిది పోతాయి. రంగు వేసి, పడుగు పట్టి, నేసి ఇవ్వడానికి బాబాయికి నాలుగు వారాలు. వానాకాలంలో మగ్గం గుంటలో చెమ్మ ఊరితే ఇంకో వారం. ఐదు తొమ్ములు నలభై ఐదు. బీరువాలో నలభై ఐదుకి దిగగానే ఫోను చేస్తాను. మిగతా వాటికి ఇంత నమ్మకంగా చెప్పలేను. పెద్ద అంచు పట్టు చీరలు ఒక నెల ఇరవై, ఇంకో నెల రెండు.

ఇంత చేశాక కూడా 2025లో దెబ్బ తగిలింది. డల్లాస్, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు బతుకమ్మకీ దసరాకీ తెప్పించుకుంటారు. పోస్టులో పంపేదాన్ని. ఆగస్టు 29 నుంచి అమెరికా 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు ఎత్తేసింది. దానికి ముందే ఆగస్టు 25 నుంచి మన పోస్టులో అక్కడికి పార్సిళ్లు తీసుకోవడం ఆపారు. వాళ్ల కోసం నేయించినవి 38 చీరలు బల్ల మీద ఉన్నాయి, పేర్లు రాసిన కవర్లతో సహా. ప్రైవేటు కొరియరు ఛార్జీ, పైన సుంకం చెబితే సగం మంది వద్దన్నారు. పోస్టు మళ్లీ మొదలైంది అక్టోబరు 15న. దసరా అప్పటికే రెండో తేదీన అయిపోయింది.

2023లో అయితే మునిగిపోయేదాన్ని. ఈసారి సగం అడ్వాన్సు ముందే తీసుకుని ఉన్నాను, ఎరుపు అంకెలకి రెండు నెలలకి సరిపడా విడిగా ఉంది. వద్దన్నవాళ్లకి అడ్వాన్సు తిరిగిచ్చాను, అందులోంచే. 38లో 15 ఇక్కడే వాట్సాప్‌లో పోయాయి. కొన్నింటికి నాలుగో గీత పడింది. అమెరికా కొలతకని జాకెట్టు గుడ్డ ఎక్కువ పెట్టించిన చీరలు మాత్రం ఇంకా ఐదున్నాయి, వాటిని ఏం చెయ్యాలో తేలలేదు.

మొన్న ఉగాదికి పరాభవ క్యాలెండరు తగిలించగానే ముందు చూసింది అధిక మాసం. ఈసారి జ్యేష్ఠం. మే 17 నుంచి జూన్ 15 దాకా అధికం, ఆ తర్వాత ఒక్క నెల నిజ జ్యేష్ఠం, మళ్లీ ఆషాఢం. శ్రావణం ఆగస్టు 13కి గానీ రాదు. మే, జూన్ గడుల్లో పెన్సిలు అంకెలు సగానికి తగ్గించి రాశాను. బాబాయికి ఫోను చేసి, "శ్రావణం సరుకు జులై చివరికిస్తే చాలు బాబాయ్" అన్నాను.

అటునుంచి కాసేపు మగ్గం చప్పుడే వినబడింది. "అధికం చూసుకున్నావా అమ్మాయ్?" అన్నాడు. చూసుకున్నానన్నాను. "ఆ ఏడు చెబుదామనే అనుకున్నా. నువ్వు వినేట్టు లేవు."